జాబుల ప్రతిరూపములు: గోడమీది పాఠము

ప్రాచీనకావ్యములు మనకు లేఖకుల చేతులమీదుగా వచ్చినవి. నన్నయ స్వహస్తముతో వ్రాసిన తాటియాకు ఒక్కటియు మనకు దక్కలేదు. దక్కినవి ప్రతులకు ప్రతులు. జాబు స్థితి వేఱు. వ్రాసినవాని కొట్టివేతతో, తొందరతో, చేతివణకుతో సహా అది మన కనులయెదుట నిలుచును. అందుచేతనే సాహిత్యవేత్తల జాబులకు ఛాయాప్రతులు తీయించి, చట్రములలో బిగించి, గోడలకు తగిలించు అలవాటు విద్యాలయములలోను గ్రంథాలయములలోను ఇండ్లలోను కానవచ్చుచున్నది. అట్లు గోడకెక్కిన జాబును మనము చదువుచున్నామా, కేవలము చూచుచున్నామా అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న.

కొంతకాలము క్రిందట ఒక విద్యాసంస్థలో అట్టి ప్రతిరూపము నొకదానిని చూచితిని. కాగితపు పసిమియు సిరా మరకయు చక్కగా వచ్చినవి. కాని చట్రమునకు సరిపోవుటకై పైభాగమును క్రిందిభాగమును కత్తిరించిరి. సాధారణముగా తేదీ ఉండునది పైపంక్తిలో, వ్రాలు ఉండునది క్రిందిపంక్తిలో. ఇది ఎవరి జాబని అచ్చటి విద్యార్థి నడిగితిని. “పాతకాలపు రాతండీ, చదవడానికి రాదు” అని అతడు బదులుచెప్పెను. తెలుగు ఎమ్.ఏ. చదువుచున్నవాడు తెలుగుజాబును చదువలేకపోవుట అతని దోషము గాదు. మనము నేర్పలేదు.

ఈ విషయమును చింతించుటకు కడప తగినచోటు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) 1820లో ఇచ్చటికి ఉద్యోగియై వచ్చెను. బంగళా కొని, పండితులను చేర్చి, సొంతజీతముతో పోషించి, వ్రాతప్రతులను తెప్పించి పాఠములను సరిచూపించెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఆ పని నడిపినవారిలో ముఖ్యుడు. బ్రౌను కొలువు మచిలీపట్టణము, రాజమహేంద్రవరము, చెన్నపురి మొదలగుచోట్లకు మాఱుచుండుటచే పండితులతోడి వ్యవహారము చాలవఱకు జాబులద్వారమున సాగవలసివచ్చెను. ఆయన సేకరణము నేడు చెన్నపురిలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున ఉన్నది. బంగోరె (బండి గోపాలరెడ్డి) ఆ జాబులను శోధించి ప్రకటింపగా అవి సాహిత్యచరిత్రకు ఆధారములైనవి. కడపలో శిథిలమైన బ్రౌను బంగళాస్థలమున జానమద్ది హనుమచ్ఛాస్త్రి ప్రభృతుల కృషిచే గ్రంథాలయము వెలసినది. 2006లో స్థాపింపబడిన యోగి వేమన విశ్వవిద్యాలయము దానిని తన పరిధిలోనికి తీసికొన్నది. ఇల్లు కడపలో నుండగా లిఖితసామగ్రి చెన్నపురిలో నున్నది. ఈ దూరమును తగ్గింపగల సాధనము ప్రతిరూపమే.

అట్టి జాబులలో మనము చూడవలసినది మూడు విధములు.

మొదటిది భాష. కావ్యమునకు వ్యాఖ్య వ్రాయునపుడు వ్యాకరణమును తప్పని పండితుడే జాబు వ్రాయునపుడు వాడుకమాటలకు దిగును. వచ్చినది, పోయినది, అందినది, అందలేదు అను నిత్యవ్యవహారమునకు గ్రాంథికము అతనికి చాలదు. గిడుగు రామమూర్తి వ్యావహారికభాషకై వాదించుటకు అర్ధశతాబ్దికి పైబడి ముందే, వాడుకతెలుగు కాగితముమీద పని చేయుచుండెనని ఈ జాబులు సాక్ష్యమిచ్చును. అచ్చుపుస్తకములో ఈ మాట చెప్పిన విద్యార్థి నమ్మును. జాబును చూచినచో తానే కనుగొనును.

రెండవది లిపి. గొలుసుకట్టు వ్రాతలో పదమునకు పదమునకు నడుమ ఎడము ఉండదు, విరామచిహ్నములు అరుదు. ధర్మము, కార్యము వంటి మాటలలోని రేఫము అక్షరము తరువాత వలపలగిలకగా నిలుచును. ఈ గుర్తులను పదింటిని నేర్చినవానికి ఒక గంటలో మొదటి పంక్తి లొంగును. గోడమీది జాబు ప్రతిదినము కనులబడునది గనుక ఈ అభ్యాసమునకు దానికంటె సులభమైన సాధనము లేదు.

మూడవది తేదీ. పాతజాబులలో తఱచుగా సంవత్సరనామము, మాసము, తిథి మాత్రమే ఉండును. “విక్రమ” అని ఉన్నచో అది 1820–21 కావచ్చును, 1880–81 కావచ్చును. అరువదియేండ్ల యెడము! ఏది సరియో కాగితము, వ్రాసినవాని జీవితకాలము, జాబులోని ప్రసంగము కలిపి నిర్ణయింపవలెను. ఈ చిక్కు బ్రౌనునకును తెలియును; 1850లో ఆయన కాలచక్రపట్టికలను ప్రకటించుట దీనికొఱకే. పైపంక్తిని కత్తిరించిన చట్రము ఈ పరిశోధనకు వాకిలి మూసినట్లే.

ఇక అసలు జాబునే ప్రదర్శింపరాదా యని అడుగవచ్చును. ప్రదర్శింపరాదు. ప్రదర్శనశాలలు కాగితపు వ్రాతలకు 50 లక్సులకు మించని వెలుతురును విధించుకొనును. నలువదిడిగ్రీలు దాటు మన వేసవిలో, కిటికీయెదుటి గోడపై ఆ కాగితము పెళుసుబాఱును. ఇనుపసిరా వన్నె తగ్గి గోధుమరంగు తిరుగును, కొన్నిచోట్ల కాగితమునే తినును. అసలు చీకటిలో నుండవలెను, ప్రతిరూపము వెలుతురులో నుండవలెను. ప్రతిరూపము పాడైనచో మరియొకటి తీయవచ్చును.

ఐనను చేతివ్రాతలన్నియు ఒకజాతివి కావు. శ్రీశ్రీ మహాప్రస్థానమును గూటాల కృష్ణమూర్తి 1981లో లండనునుండి కవి దస్తూరీతోనే ప్రకటించెను. అది పాఠకునికొఱకే వ్రాసిన వ్రాత. జాబు అట్టిది గాదు. ఒకరు మరియొకరికి వ్రాసినది. శాస్త్రచర్చ ప్రక్కనే జీతపు బాకీయు ఇంటిలోని జ్వరమును ఉండుట సహజము. దారిద్ర్యమును మొఱపెట్టుకొన్న పుటను అక్షరములు అందముగా నున్నవని అలంకారముగా వ్రేలాడదీయుట ఉచితముగాదు. అట్టిదానిని తగిలింపవలసివచ్చినచో చదివించుటకు తగిలింపవలెను. అపుడు అది పండితుని గౌరవించుట యగును. ఆ నిఘంటువులు, ఆ వ్యాఖ్యలు ఎవరి ఆకలిమీద నిలిచెనో మనకు తెలుపును.

కావున కర్నూలు, కడప ప్రాంతపు తెలుగుశాఖలకు నా మనవి ఇది. ప్రతిరూపమును అసలు కొలతలోనే, అంచులు మడతలు కనబడునట్లు తీయింపుడు. ప్రక్కనే నేటి లిపిలో పంక్తికి పంక్తిగా, తప్పులు దిద్దక, పాఠమును వ్రాసి పెట్టుడు. క్రింద వ్రాసినవారు, అందుకొన్నవారు, ఊరు, తేదీ, అసలున్న భాండాగారము, సంఖ్య తెలుపుడు. సందేహముగల అక్షరమును సందేహముగలదిగానే చూపుడు. ఆఱుమాసముల కొకపరి జాబును మార్పుడు. ఆ మార్చు పనిని విద్యార్థులకే అప్పగించినచో తరువాతి జాబు పాఠమును వారే సిద్ధపఱతురు.

ఇట్లు పదిజాబులు చదివినవాడు సెలవులకు ఇంటికి పోయినపుడు అటకమీది పెట్టెను తెఱచి, తాతగారి జాబుకట్టను విప్పును. వానలు తక్కువగు ఈ సీమలో అట్టి కట్టలు ఎన్ని యిండ్లలో మిగిలియున్నవో వాటిని చదువగలవాడు బయలుదేరినగాని తేలదు.