సమృద్ధి కాలంలోనే కొట్లు కట్టాలి
(రేడియో సందేశము)

ఫ్లూ మహమ్మారి రాకముందే ప్రభుత్వము, మనము ఎట్లు సిద్ధపడాలో ఈ దినము ఆలోచిద్దాము.

ఆదికాండము 41వ అధ్యాయములో యోసేపు ఏమి చేశాడు? బాగా పండిన ఏడేండ్లలో పంటలో అయిదవ భాగము తీసి నిల్వ చేయించాడు. కరవు వచ్చాక కొట్లు కట్టబోయి ఉంటే ఐగుప్తు బ్రదికేది కాదు.

ఫ్లూ సంగతీ అంతే. ఆ వైరస్ రూపు మార్చుకొంటూ ఉంటుంది. బొత్తిగా కొత్త రూపంతో వస్తే పాత టీకా పనిచేయదు. 1918లో బొంబాయి రేవులో దిగిన జ్వరం రైళ్ల వెంట దేశమంతా పాకి, కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. మామిడి కాలంలో మన బంగారుపాళ్యం మార్కెట్టుకు ఎన్ని లారీలు వస్తాయో చూడండి. సరుకు వచ్చే దారినే జబ్బూ వస్తుంది.

2009 మే నెలలో మన దేశపు మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో తేలింది. అమెరికా నుండి వచ్చిన ప్రయాణికునికి అది సోకింది. మన దేశంలో తయారైన మొదటి టీకా 2010 జూన్‌లో గాని రాలేదు. అదే ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కరోనాలోనూ 2020 జనవరి 30న మొదటి కేసు తేలితే, టీకాలు 2021 జనవరి 16న మొదలైనవి.

మరి టీకా లేని ఆ సంవత్సరము మనలను కాచేది ఏది? ముందుగా నిల్వ చేసిన ఒసెల్టామివిర్ మాత్రలు, మాస్కులు, ఆక్సిజన్, పరీక్ష చేసే ల్యాబ్, విడిగా ఉంచే వార్డు, ఇంటింటికి వచ్చి జ్వరము విచారించే ఆశా కార్యకర్త. ఆ మాత్రలు కూడా జ్వరము మొదలైన రెండు రోజులలోపు వేసికొంటేనే బాగా పనిచేస్తాయి.

ప్రియులారా, ఇక్కడే మన వంతు ఉన్నది. చెబితే ఎక్కడికి తీసికొని పోతారో అని 2020లో జ్వరము దాచుకొన్నవారు ఎందరో! దాచిన జ్వరము ముందు ఇంటిలోని ముసలివారినే పట్టుకొంటుంది. కొట్టు నిండా ధాన్యమున్నా, ఆకలి అని చెప్పనివానికి గింజ చేరదు.

కాబట్టి జబ్బు లేని ఈ రోజులలోనే గ్రామసభలో అడగండి: మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మందులున్నవా? డాక్టరు ఉన్నారా? జ్వరము వస్తే దాచకండి. ఆ ఆదివారము ఆరాధనకు రాకపోయినా అది అవిశ్వాసము కాదు, పొరుగువానిపై ప్రేమ.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని కాపాడును గాక. ఆమేన్.