పొలంలో మిద్దె కొంటున్నారా? ముందు ఆ ఇల్లు ఏ కాగితంలో ఉందో చూడండి

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, అపార్ట్‌మెంట్ వద్దు, ఊరి దగ్గర రెండెకరాల్లో చిన్న ఇల్లు తీసుకోవాలంటే ఏం చూడాలి?" అని. థియరీ చెప్పను. మా నాయన, నేను బేతంచెర్ల దగ్గర ఒక మిద్దె కొనబోయి ఎక్కడ ఆగిపోయామో అది చెప్తా.

బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లా, 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా. ఈ ఊరి పేరు విని ఉండకపోవచ్చు గానీ, ఈ ఊరి బండల మీద మాత్రం మీరు ఎక్కడో ఒకచోట నడిచే ఉంటారు. ఇక్కడ నేల కింద నాపరాయి. అది గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

బనగానపల్లె పోయే రోడ్డు దిగి, బండ్ల బాటలో కొంచెం లోపలికి పోతే ఆ ఇల్లు. 2 ఎకరాల 30 సెంట్లు, మధ్యలో మూడు గదుల మిద్దె. పైన అంతస్తు లేదు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకి అదే కావాలి. నిలువు బండలు పాతిన కంచె, ముందర వేపచెట్టు. నాయన ఆ చెట్టు కింద ఐదు నిమిషాలు కూర్చున్నాడు. అంతే, అయిపోయింది. "రెండు లక్షలు అడ్వాన్స్ ఇచ్చేద్దాం" అన్నాడు.

నేను పాస్‌బుక్ అడిగా. అమ్మే ఆయన పేరు మీదే ఉంది. మీభూమి సైట్లో 1బీ, అడంగల్ చూశా, సరిపోయాయి. 22ఏ నిషేధిత జాబితాలో లేదు. ఈసీ తీశా, క్లీన్. అంతా గ్రీన్ సిగ్నల్! కానీ ఒక్కటి గమనించండి. ఈ కాగితాలన్నింట్లో ఉన్నది 2 ఎకరాల 30 సెంట్ల వ్యవసాయ భూమి. ఇల్లు అనే మాటే ఎక్కడా లేదు.

నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే ఇవి మూడు వేర్వేరు డేటాబేస్‌లు. భూమి రెవెన్యూ వాళ్ల దగ్గర, క్రయవిక్రయాలు రిజిస్ట్రేషన్ వాళ్ల దగ్గర, ఇల్లు పంచాయతీ పన్ను రిజిస్టర్‌లో. ఇవి ఒకదానితో ఒకటి సింక్ అవుతాయని మనం అనుకుంటాం. కావు. పంచాయతీకి పోయి ఇంటిపన్ను రసీదు అడిగితే, అది అమ్మే ఆయన అన్న పేరు మీద ఉంది!

పన్ను రసీదు ఉంటే హక్కు ఉన్నట్టు కాదు, అది నిజమే. కానీ ఎందుకు ఉందో అడగాలి కదా. అడిగితే తేలింది ఏందంటే, వాళ్ల నాయన పోయాక అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్నారు. పొలం తమ్ముడికి, మిద్దె అన్నకి. నోటి పంపకం ఈసీలో కనపడదు, ఎందుకంటే ఈసీ చూపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే. క్లీన్ ఈసీ అంటే గొడవలు లేవని కాదు, రిజిస్టర్ అయినవి ఏమీ లేవని. పైగా ఆన్‌లైన్లో దొరికేది 1983 నుంచే.

ఇంకోటి, వాళ్లకి ఒక చెల్లెలు కూడా ఉంది. మన రాష్ట్రంలో అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉంది. 2005లో కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకీ ఇచ్చింది. తండ్రి అంతకుముందే చనిపోయినా ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. "ఆమె ఏమీ అడగదు సామీ" అన్నాడు అమ్మే ఆయన. అడగకపోతే మంచిదే, సంతకం పెట్టమనండి అన్నా.

నాయనకి కోపం వచ్చింది. "అందర్నీ ఇట్లా అనుమానిస్తే రేపు అదే ఊర్లో ఎట్లా బతుకుతావురా?" ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ నేను పోయి అన్నని నేరుగా కలిశా. ఆయన టీ ఇచ్చి, "నన్ను ఎవరూ అడగలేదు నాయనా, అడిగితే పెడతా కదా" అన్నాడు. తర్వాత చెల్లెలూ ఒప్పుకుంది. అనుమానం అనుకున్నది మర్యాద అయింది అక్కడ.

మరి ఎందుకు ఆగాం? బాట. మేము నడిచిపోయిన బండ్ల బాట సర్వే వాళ్ల ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో లేదు. అది పక్క రైతు పొలం. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్‌తో పాటు కొత్త ఎల్‌పీఎం నంబర్ మీద కూడా చూడండి, నేను రెండూ చూశా. ఆ రైతు మంచోడే. "పోతే పోండి, నాకేం" అంటాడు. కానీ ఆయన పొలం కింద కూడా నాపరాయే. గనుల శాఖ నుంచి లీజు తెచ్చుకుని తవ్వితే, బాట ఉన్నచోట గుంత ఉంటుంది. అప్పుడు అమ్మని ఆసుపత్రికి ఏ దారిన తీసుకుపోవాలి?

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, హక్కుగా వాడితే దారి మీద హక్కు వస్తుంది. "పోతే పోండి" అని అనుమతి ఇస్తే వాడింది ఆ లెక్కలోకి రాదు. రెండు పొలాలూ ఒకప్పుడు ఒకటే అయి, విడిపోయినప్పుడు వేరే దారి లేకుండా పోతే అది ఇంకో కేసు. అయినా కోర్టు చుట్టూ తిరగడం కంటే దారి రిజిస్టర్ చేయించుకోవడం నయం.

అన్నట్టు, ఎవరైనా "మా తాతకి గవర్నమెంట్ ఇచ్చిన భూమి" అంటే అక్కడే ఆగండి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు దాటినవాటికి 2023లో సడలింపు ఇచ్చారు, 2024లో ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ఇది పెద్ద సబ్జెక్టు, వేరే ఎపిసోడ్ చేస్తా.

మా సంగతి ఇప్పుడు ఎక్కడుందంటే, 12 అడుగుల దారి రాసిస్తే డబ్బులిస్తామని పక్క రైతుని అడిగాం. కోతలు అయ్యాక చెప్తానన్నాడు. నాయన మాత్రం ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి ఆ వేపచెట్టు కింద కూర్చుని వస్తున్నాడు. రెండు లక్షలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.