చేతికి అమరిన పిస్టల్

2021 జులై 25. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ జరుగుతోంది. మధ్యలో భారత షూటర్ మను భాకర్ పిస్టల్ కాకింగ్ లీవర్ విరిగింది. చిన్న మీట అది. అది పనిచేయకపోతే తర్వాతి గుండు పేలదు. కాల్చే చోటు వదిలి బయటికెళ్లి, బాగుచేయించుకొని వచ్చేలోపు ఎన్నో నిమిషాలు పోయాయి. మిగిలిన గుళ్లన్నీ హడావిడిగా కాల్చాల్సి వచ్చింది. 575 పాయింట్లతో పన్నెండో స్థానం. ఇంకో రెండు పాయింట్లు వచ్చుంటే ఫైనల్లో ఉండేది.

పతకం వచ్చినప్పుడు మనం కోచ్ గురించి, తల్లిదండ్రుల గురించి రాస్తాం. తుపాకీని సిద్ధం చేసే గన్‌స్మిత్ గురించి ఎక్కడా ఒక్క ముక్క ఉండదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. ఈ ఆట మన దగ్గరా ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ షూటింగ్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లో. 2018లో పదమూడేళ్లకే పిస్టల్‌లో సీనియర్ జాతీయ విజేత అయిన ఈషా సింగ్‌దీ ఆ ఊరే. గగన్ నెలకొల్పిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ అహ్మదాబాద్ శాఖలో రైఫిల్ షూటర్ ఎలవేనిల్ వాలరివన్ తర్ఫీదు పొందింది. కాబట్టి అదే గుజరాత్‌లో, సూరత్ అమ్రోలిలో ఉండే తెలుగు పిల్లలకు కూడా ఈ ఆట మరీ దూరమేమీ కాదు. ఆట మొదలుపెట్టిన ప్రతి ఇంట్లోనూ కొన్నాళ్లకు ఒక ప్రశ్న వస్తుంది: తుపాకీని మనకు తగ్గట్టు మార్పించుకోవాలా, మార్పిస్తే ఎవరి చేత?

ముందు లెక్క చూద్దాం. ఎయిర్ పిస్టల్ మీద గురి చూసుకోవడానికి ఉండే వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య సుమారు 35 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. లక్ష్యం 10 మీటర్ల అవతల. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే లక్ష్యం మీద గుండు దాదాపు 29 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. అంటే పది రావాల్సిన చోట ఏడు వస్తుంది. రైఫిల్‌లో ఇంకా కష్టం. అక్కడ పది అంటే అర మిల్లీమీటరు చుక్క.

ఆ మిల్లీమీటరు జరగడానికి చెయ్యి వణకనక్కర్లేదు. పిస్టల్ పిడి, అంటే గ్రిప్పు, అరచేతిలో సరిగా కూర్చోకపోతే చాలు. అప్పుడు మణికట్టు కండరాలు సైటును నిలబెట్టడానికి ప్రతి గుండుకూ పనిచేస్తూనే ఉంటాయి. అరవై గుళ్ల పోటీ ముగిసేలోపే అవి అలసిపోతాయి. గ్రిప్పు అమరిందో లేదో చూసుకునే పరీక్ష తేలికైనది. గుండు లేని పిస్టల్‌ను సురక్షితమైన దిక్కుకు, రేంజ్‌లో లక్ష్యం వైపు, కళ్లు మూసుకొని ఎత్తాలి. కళ్లు తెరిచేసరికి రెండు సైట్లూ వాటంతట అవే వరసలో ఉండాలి. లేకపోతే గ్రిప్పు చెక్కను ఒకచోట ఇసుక కాగితంతో అరగదీయాలి, ఇంకోచోట పుట్టీ పెట్టి నింపాలి. అమ్రోలిలో అయినా సిరిసిల్లలో అయినా సాంచాలు నడిపేవాళ్లకు ఈ పని వెంటనే అర్థమవుతుంది. నూలు మారినప్పుడు బిగువు సరిచేసే మెకానిక్, కాస్త తిప్పి, నడిపి చూసి, మళ్లీ కాస్త తిప్పుతాడు తప్ప ఒకేసారి అంతా విప్పడు.

ట్రిగ్గర్ దగ్గర పొరపాటుకు చోటు మరీ తక్కువ. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపాలి. 25 మీటర్ల పిస్టల్‌కైతే 1000 గ్రాములు. ఈషాలా రెండు పోటీల్లోనూ దిగేవాళ్లు ఒకే వేలికి రెండు రకాల బరువులు అలవాటు చేయాలి. న్యాయనిర్ణేతలు గొట్టాన్ని నిలువుగా పెట్టి, ట్రిగ్గర్‌కు బరువు తగిలించి పరీక్షిస్తారు. పోటీ తర్వాత తనిఖీలో ఆగకపోతే అనర్హత వేటు పడుతుంది. అందుకే మంచి గన్‌స్మిత్ సరిగ్గా 500 దగ్గర ఆపడు, పైన కాస్త ఎడం ఉంచుతాడు. ఆకురాయి తీసుకొని లోపలి కొక్కేన్ని రాచేస్తానని ఎవరైనా అంటే తుపాకీ తీసుకొని వచ్చేయండి. అక్కడ పోయిన లోహం తిరిగి రాదు, తనంతట తాను పేలే ప్రమాదం మాత్రం మిగులుతుంది.

పనిమంతుడిని గుర్తుపట్టడం అంత కష్టం కాదు. తుపాకీ చేతికివ్వగానే ముందు అది ఖాళీగా ఉందో లేదో తనే చూస్తాడు. మీరు కాలుస్తుంటే చూడాలని అడుగుతాడు. పాత భాగాలు సంచిలో వేసి తిరిగిస్తాడు. మార్పుకు ముందూ తర్వాతా తుపాకీని బిగింపులో పెట్టి కాల్చిన టార్గెట్ కాగితాలు చూపిస్తాడు. రకరకాల పెల్లెట్ల పెట్టెలు కూడా ప్రయత్నించమంటాడు, ఎందుకంటే 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల ఉన్న పెల్లెట్లలో ఏది ఏ గొట్టానికి నప్పుతుందో కాల్చి చూస్తే తప్ప తేలదు. వేలకు వేలు పోసి కొత్త గ్రిప్పు కొనే ముందు చేయాల్సిన పని ఇది.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులు మరమ్మతు చేయడం నేరం. గొట్టాన్ని పొట్టి చేయడం గురించి ఆరో సెక్షన్ విడిగానే ఉంది. 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లకూ, 20 జౌళ్లకూ మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. దాని శక్తి ఎనిమిది జౌళ్ల చుట్టుపక్కలే. అయినా కొందరు "పవర్ పెంచి ఇస్తాం" అంటారు. దానివల్ల గురికి ఏ మేలూ జరగదు. 20 దాటితే మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం అవుతుంది.

చివరిగా గాలి సిలిండర్. నిండుగా ఉన్నప్పుడు అందులో సాధారణంగా 200 బార్ల ఒత్తిడి ఉంటుంది. తయారీదారు పెట్టిన గడువు దాటినదాన్ని వాడకూడదు. తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొనేటప్పుడు బేరం మొదలుపెట్టకముందే ఆ తేదీ చూడండి.