మితభాషణము గర్వము కాదు

మాటలాడువానిని అతని మాటలనుబట్టి తెలిసికొందుము. మాటలాడనివానిని మన యూహనుబట్టి నిర్ణయింతుము. పలుకరించినప్పుడు ఒకటి రెండు మాటలతో ముగించు పెద్దవానిని లోకము గర్విష్ఠి యనును. అదే గుణము బాలునియందు కనబడినచో మందబుద్ధి యనును. ఈ రెండును పెక్కుసారులు అపోహలే.

ఇట్లేల జరుగును? మన మొకనాడు మౌనముగా నున్నచో దానికి కారణము తలనొప్పియో, దిగులో మనకు తెలియును. ఇతరుల మౌనమునకు గల కారణము మనకు కానరాదు. కావున దానిని వారి స్వభావదోషముగా నెంచుచుందుము. ఇట్టి పొరపాటునకు అమెరికా మనశ్శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ప్రత్యేకముగా పేరిడి వివరించెను.

1991 నుండి 1996 వరకు ప్రధానమంత్రిగా నుండిన శ్రీ పి. వి. నరసింహారావుగారు మితభాషులు. వారి మౌనమును పలువురు నిర్ణయశక్తి లేమిగా భావించి పరిహసించిరి. కాని 1991లో దేశపు ఆర్థికవిధానము క్రొత్తదారి పట్టినది వారి పాలనలోనే. వారు బహుభాషావేత్తలు, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ నవలను హిందీలోనికి అనువదించిరి. మాట తక్కువైనంత మాత్రమున మనస్సు మూతపడినట్లు కాదు.

మన మోక ప్రాంతపు పిల్లల మౌనమునకు మరియొక కారణము కూడ నుండవచ్చును. బళ్లారి తాలూకా 1953 అక్టోబరు 1న నాటి మైసూరు రాష్ట్రమున చేరినది. నాటినుండి మన యిండ్లలో తెలుగును, కచేరీలలో కన్నడమును నడచుచున్నవి. రెండు భాషల నడుమ పెరుగు పసివారిలో కొందరు క్రొత్త భాషను కొంతకాలము విని, పిమ్మట మాత్రమే పలుకుదురు. తెలుగున ‘ఊట’ యనగా నీటి చెలమలో ఊరునది, కన్నడమున భోజనము. ఇట్టి మాటవద్ద తడబడినప్పుడు తోటివారు నవ్విరేని, ఆ బాలుడు మరునాడు నోరు విప్పుటకు వెనుకాడును. అతని మౌనము గర్వమును కాదు, మాంద్యమును కాదు, జాగ్రత్త మాత్రమే.

కావున తల్లిదండ్రులకు మేము విన్నవించునది యిది. బిడ్డ వినుచుండగా చుట్టములతో “మావాడు మూగి మొద్దు” అని యనరాదు. పలుమారు విన్న పేరునకు తగినట్లే బిడ్డ నడచుకొనును. ప్రశ్న వేసిన పిదప జవాబునకు కొంత వ్యవధి నీయవలెను. వాని బదులు మనమే చెప్పరాదు. అన్నతోనో, చెల్లెలితోనో పోల్చరాదు. ప్రతిదినము అవ్వకు ఒక పుట చదివి వినిపింపుమని చెప్పిన చాలును. ప్రేమతో వినువారియెదుట గొంతు తానే తెరచుకొనును.

అయితే ఇంట చక్కగా మాటలాడు బిడ్డ, బడిలో చేరిన తొలినెల గడచిన తరువాత కూడ, తనకు వచ్చిన భాషలోనైనను అక్కడ ఒక నెలకు మించి నోరు మెదపకున్నచో ఉపేక్షింపరాదు. ఉపాధ్యాయునితో మాటలాడి వైద్యుని సలహా పొందవలెను. అది మొండితనము కాదు, భయము. దండనవలన భయము పెరుగునే గాని తరుగదు.

మితభాషిని వాచాలునిగా మార్చుట విద్య యొక్క లక్ష్యము కాదు. తనకు అవసరమైనప్పుడు తన మాట తాను చెప్పగల ధైర్యమును వానికి కలిగించినచో, ఇంటివారును, పాఠశాలయు తమ విధిని నెరవేర్చినట్లే.