ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన బిడ్డకు నర్సింగ్ సంరక్షణ: ఉప్పల్, నాచారం తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

నిలోఫర్‌లోనో, గాంధీలోనో వారాల తరబడి ఉన్న బిడ్డ ఇంటికొస్తోంది. సంతోషమే. కానీ ముక్కులో పాల గొట్టం ఉంది, లేదంటే గొంతుకు పైపు ఉంది, లేదంటే రోజూ ఫిట్స్ మందులు పడాలి. నిన్నటిదాకా నర్సులు షిఫ్టులవారీగా చేసిన పని రేపట్నుంచి మీ ఒక్కరి మీద పడుతుంది.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. అయితే అది ఆస్పత్రి చికిత్స కోసం. రోజూ ఇంటికి నర్సును పంపడం అందులో లేదు. అందుకే మీరు చేయాల్సినవి రెండు: డిశ్చార్జికి ముందే పని నేర్చుకోవడం, వేర్వేరు చోట్ల ఉన్న సాయాలను ఒక్కచోటికి తెచ్చుకోవడం.

మనతో అవుతుందా?

అవుతుంది, సరిగ్గా నేర్పిస్తే. మన పక్కనే ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలిలో 1990ల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఊళ్లలోని ఆడవాళ్లకు పసికందుల సంరక్షణ నేర్పారు. మూడో ఏడాదికల్లా అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఇవాళ ఆశా కార్యకర్త బాలింత ఇంటికొచ్చి బిడ్డను చూసే పద్ధతికి ఆ పనే దారి చూపింది.

డిశ్చార్జికి ముందు

• ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి. తల్లికి జ్వరమొస్తే రెండో మనిషి ఉండాలి.
• నర్సు చేస్తుంటే చూడటంతో సరిపెట్టుకోవద్దు. "సిస్టర్, నేను చేస్తా, మీరు చూడండి" అని అడగండి. భయం పోయేదాకా చేయండి.
• గొట్టం సైజు, ఒక్కసారికి ఎన్ని ఎంఎల్ పాలు, మందుల వేళలు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి... ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి.
• ఆరోగ్యశ్రీ కింద చేరితే ఆరోగ్యమిత్రను కలవండి. డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి. కొన్ని జబ్బులకు ఏడాదిపాటు ఫాలోఅప్ కూడా ఉంటుంది. మీ బిడ్డకు వర్తిస్తుందా అని అడగండి. సందేహముంటే 104కు ఫోన్ చేయండి.

ఇంట్లో

• ఏ పని చేసినా ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.
• పాలు పోసే ప్రతిసారీ గొట్టం మీది గుర్తు ముక్కు దగ్గర ఉన్నచోటే ఉందా చూడండి. జరిగిందనిపిస్తే పాలు పోయొద్దు, ఆస్పత్రికి ఫోన్ చేయండి. తలవైపు ఎత్తుగా పెట్టి పోయండి, తర్వాత అరగంట అలాగే ఉంచండి.
• ప్రతి మాత్రనూ పొడి చేసి గొట్టంలో వేయకూడదు. ముందు డాక్టరును అడగండి.
• గొంతు పైపు ఉంటే అదే సైజుది ఒకటి, దానికంటే చిన్నది ఒకటి మంచం పక్కనే ఉండాలి. కఫం తీసేటప్పుడు ఆస్పత్రిలో నేర్పినంత లోతుకే ట్యూబు పెట్టండి.
• ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరుబత్తి, బీడీ, పొయ్యి వద్దు. ఆక్సిజన్ మిషన్ కరెంటుతో నడుస్తుంది కాబట్టి సిలిండర్ సిద్ధంగా ఉంచండి. కరెంటు పోతే 1912కు ఫోన్ చేయండి.
• ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, టైం చూడండి. 5 నిమిషాలు దాటితే 108.

ఏ సాయం ఎక్కడ?

ఈఎస్ఐ: నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేస్తూ నెల జీతం రూ.21,000 లోపు ఉంటే నాచారం ఈఎస్ఐ ఆస్పత్రి మీకు దగ్గర. వైకల్యంతో పూర్తిగా మీ సంపాదన మీదే ఆధారపడిన బిడ్డకు వయసు దాటిందని కార్డు ఆగదు. ఆ స్థితి ఉన్నంతకాలం కుటుంబ సభ్యుల కిందే లెక్క.

వైకల్య సర్టిఫికెట్: మిగతా సాయాలు చాలావరకు దీనిమీదే ఆధారపడ్డాయి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి. దివ్యాంగుల పింఛను 2023 జులై నుంచి నెలకు రూ.4,016. కొత్త పింఛన్ల దరఖాస్తులు పిలిచేనాటికి సర్టిఫికెట్ చేతిలో ఉంటే పని ఆగదు.

నిరామయ: సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ఇచ్చే రూ.లక్ష వరకు బీమా. ఆస్పత్రిలో చేరకుండా చేసే వైద్యం, థెరపీ, ప్రయాణ ఖర్చు కూడా ఇందులో ఉంటాయి. డబ్బు ముందు మీరే కట్టి తర్వాత తీసుకోవాలి కాబట్టి ప్రతి బిల్లూ దాచండి.

భవిత కేంద్రం: బడికి వెళ్లలేని పిల్లలకు సమగ్ర శిక్ష కింద టీచరు ఇంటికే వచ్చి చదువు చెప్తారు. ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.

ఆలన: నయం కాని జబ్బుతో, నొప్పితో ఉన్నవారి ఇంటికి పాలియేటివ్ కేర్ బృందం వస్తుంది. మీ ఆశా కార్యకర్తతో పేరు రాయించండి. "ఇక ఆశ వదులుకోవడమే" అని దీనికి అర్థం కాదు. వేరే చికిత్స నడుస్తున్నా నొప్పి తగ్గించుకునే హక్కు బిడ్డకుంది.

చూసుకునే మనిషినీ చూసుకోవాలి

రాత్రంతా మేల్కొన్న తల్లి తెల్లారి మందు డోసు తప్పు పోసే ప్రమాదం ఉంది. నిద్ర కూడా సంరక్షణలో భాగమే. రాత్రిని ఇద్దరు పంచుకోండి. తండ్రి, అమ్మమ్మ, నానమ్మ, మేనత్త ఎవరైనా సరే, పని నేర్చుకున్నవాళ్లకే అప్పగించండి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ప్రస్తావన ఉంది. 38వ సెక్షన్ ప్రకారం ఎక్కువ సాయం కావాలని బిడ్డ తరఫున మీరు దరఖాస్తు చేయవచ్చు. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటిమాటగా అడిగింది ఫైలుకెక్కదు.

ఇవాళే ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో బిడ్డ జబ్బు పేరు, గొట్టం సైజు, మందులు, పడని మందు, డాక్టరు ఫోన్ నంబరు రాసి మంచానికి కట్టండి. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు కంగారులో మీకు నోట మాట రాకపోయినా ఆ పేజీ చూపిస్తే చాలు.