భాగం – 9 : బ్రూక్లిన్ డాడ్జర్స్ 1947 సీజన్ – అమెరికా బేస్‌బాల్‌లో వర్ణరేఖ చెరిగిన తీరు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అమెరికా బేస్‌బాల్‌లో నల్లజాతి ఆటగాళ్లపై ఉన్న అలిఖిత నిషేధం ఎలా పనిచేసిందో వివరించగలుగుతారు.
• 1947 సీజన్‌లో ఆ నిషేధం తొలగడానికి దోహదం చేసిన కారణాలను విశ్లేషించగలుగుతారు.
• ఈ మార్పు వల్ల ఎవరికి మేలు జరిగిందో, ఎవరు నష్టపోయారో అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

అమెరికాలో జాతి వివక్షకు వ్యతిరేకంగా జరిగిన పోరాటం అనగానే 1954 నాటి సుప్రీంకోర్టు తీర్పు, 1955 నాటి మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మనకు గుర్తుకువస్తాయి. వాటికి కొన్నేళ్ల ముందే ఒక ఆటస్థలంలో, వేలాది ప్రేక్షకుల ఎదుట, ఆరు నెలలపాటు ఇంచుమించు ప్రతిరోజూ ఒక పరీక్ష జరిగింది. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతానికి చెందిన డాడ్జర్స్ జట్టు 1947లో ఆడిన సీజనే ఆ పరీక్ష. దీనిని చాలామంది జాకీ రాబిన్‌సన్ అనే ఒక్క వీరుని కథగా చెబుతారు. అది నిజమే కాని సంపూర్ణ సత్యం కాదు. ఒక సాంఘిక నియమం మారాలంటే వ్యక్తి ధైర్యంతోపాటు చట్టం, పత్రికలు, వ్యాపార ప్రయోజనం, తోటివారి ప్రవర్తన కూడా ఎలా కలిసిరావాలో ఈ భాగంలో పరిశీలిద్దాం.

9.2 ఆటను గురించి కొన్ని ప్రాథమిక విషయాలు

క్రికెట్ తెలిసిన మీకు బేస్‌బాల్ అర్థం చేసుకోవడం కష్టం కాదు. జట్టుకు తొమ్మిది మంది. బంతి విసిరేవాడు పిచ్చర్, కొట్టేవాడు బ్యాటర్. మైదానంలో చతురస్రాకారంలో నాలుగు స్థానాలు ఉంటాయి. వాటినే బేస్‌లు అంటారు. బ్యాటర్ బంతిని కొట్టి వరుసగా మూడు బేస్‌లు దాటి, బయలుదేరిన చోటికి తిరిగివస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే జట్టు వంతు ముగుస్తుంది. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. పిచ్చర్ బంతి విసిరే సమయంలో, బ్యాటర్ కొట్టకుండానే, బేస్ మీద ఉన్నవాడు తరువాతి బేస్‌కు పరుగెత్తి చేరుకుంటే దానిని ‘బేస్ దొంగిలించడం’ అంటారు. ఈ మాట ముందు ముందు మనకు అవసరమవుతుంది.

ఆ రోజుల్లో నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అనే రెండు ‘మేజర్’ లీగులు ఉండేవి. ఒక్కొక్క దానిలో ఎనిమిది జట్లు. ప్రతి జట్టూ మిగిలిన ఏడు జట్లతో 22 సార్లు చొప్పున మొత్తం 154 ఆటలు ఆడేది. రెండు లీగుల విజేతలు చివర తలపడే పోటీ వరల్డ్ సిరీస్. డాడ్జర్స్ నేషనల్ లీగ్ జట్టు.

9.3 అలిఖిత నిషేధం

మేజర్ లీగులలో నల్లజాతివారు ఆడకూడదని ఏ నియమావళిలోనూ రాసిలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ అనే నల్లజాతి ఆటగాడు టొలీడో జట్టు తరఫున ఆడాడు కూడా. ఆ తరువాత యజమానులు తమలో తాము ఒక అవగాహనకు వచ్చారు. ఎవరూ నల్లజాతివారిని తీసుకోలేదు. రాతలో లేని నియమం కనుక దానిని కోర్టులో సవాలు చేయడానికీ వీలుండేది కాదు. అడిగితే, ‘అటువంటి నిషేధమేదీ లేదు’ అని చెప్పే సౌకర్యం యజమానులకు ఉండేది. ఈ విషయాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వివక్ష చాలాసార్లు చట్టంలో కాక అలవాటులో నివసిస్తుంది.

బయట ఉంచిన ఆటగాళ్లు ఊరుకోలేదు. 1920లో రూబ్ ఫాస్టర్ నాయకత్వంలో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. కాన్సాస్ సిటీ మోనార్క్స్ వంటి జట్లు గొప్ప ఆటగాళ్లను తయారుచేశాయి. ఈ జట్లు నల్లజాతి సమాజానికి వినోదాన్నే కాక ఉపాధిని, వ్యాపారాన్ని, ఆత్మగౌరవాన్ని ఇచ్చాయి.

9.4 నిర్ణయానికి దారితీసిన కారణాలు

డాడ్జర్స్ వ్యవహారాలను నడిపిన బ్రాంచ్ రిక్కీ 1945 ఆగస్టులో రాబిన్‌సన్‌ను పిలిపించి మాట్లాడాడు. దీని వెనుక కనీసం నాలుగు కారణాలను గుర్తించవచ్చు.

(అ) యుద్ధం: నల్లజాతి సైనికులు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చారు. దేశం కోసం పోరాడదగినవారు ఆట ఆడదగరా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమైంది.
(ఆ) చట్టం: ఉద్యోగాలలో జాతి వివక్షను నిషేధిస్తూ న్యూయార్క్ రాష్ట్రం 1945లో చట్టం చేసింది.
(ఇ) పత్రికలు: పిట్స్‌బర్గ్ కొరియర్‌లో రాసిన వెండెల్ స్మిత్ వంటి నల్లజాతి పాత్రికేయులు ఏళ్ల తరబడి ఈ ప్రశ్నను సజీవంగా ఉంచారు.
(ఈ) ప్రయోజనం: రిక్కీకి మతవిశ్వాసంతో కూడిన నీతిదృష్టి ఉంది. దానితోపాటు మంచి ఆటగాళ్లు, కొత్త ప్రేక్షకులు దొరుకుతారన్న లెక్కా ఉంది. ఈ రెండింటిలో ఒకదానినే నిజమని ఎంచుకోనవసరం లేదు.

రాబిన్‌సన్ 1919లో జార్జియా రాష్ట్రంలో జన్మించి కాలిఫోర్నియాలో పెరిగాడు. విశ్వవిద్యాలయంలో నాలుగు క్రీడలలో రాణించాడు. 1944లో సైనికాధికారిగా ఉండగా బస్సులో వెనుకకు వెళ్లి కూర్చోవడానికి నిరాకరించి, సైనిక న్యాయస్థానంలో విచారణ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. అంటే అతడు స్వభావరీత్యా అవమానాన్ని సహించేవాడు కాదు. అటువంటివానిని రిక్కీ కోరింది, తొలి రోజులలో ఎంత రెచ్చగొట్టినా తిరగబడవద్దని. అతడు 1946లో డాడ్జర్స్ అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్‌కు ఆడి, బ్యాటింగ్ సగటులో ఆ లీగులో ప్రథముడిగా నిలిచాడు.

9.5 సీజన్ నడిచిన తీరు

సీజన్ మొదలు కాకముందే జట్టులో కొందరు రాబిన్‌సన్‌కు వ్యతిరేకంగా విజ్ఞాపన తయారుచేయబోయారు. మేనేజర్ లియో డ్యూరోషర్ దానిని అణచివేశాడు. అయితే వేరే కారణాలపై బేస్‌బాల్ కమిషనర్ డ్యూరోషర్‌నే ఏడాదిపాటు సస్పెండ్ చేయడంతో, కొద్దిరోజులలోనే బర్ట్ షాటన్ మేనేజర్ అయ్యాడు.

1947 ఏప్రిల్ 15న ఎబెట్స్ ఫీల్డ్‌లో బోస్టన్ బ్రేవ్స్‌పై రాబిన్‌సన్ తొలి ఆట ఆడాడు. బ్యాట్‌తో ఒక్క హిట్ కూడా సాధించలేదు. అయినా జట్టును ఆధిక్యంలోకి తెచ్చిన పరుగు అతడే చేశాడు. డాడ్జర్స్ 5–3తో గెలిచారు. అతనికి అలవాటులేని ఫస్ట్ బేస్ స్థానం ఇచ్చారు. అక్కడ నిలబడేవాడు ఒక కాలు బేస్ మీద ఆనించి బంతి అందుకోవాలి. మేకుల బూట్లతో దూసుకువచ్చే ప్రత్యర్థికి ఆ కాలు అందుబాటులో ఉంటుంది. ఆగస్టులో సెయింట్ లూయిస్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ ఆ కాలును తొక్కాడు. కావాలని చేయలేదని అతడు చెప్పుకున్నాడు.

ఏప్రిల్ 22న ఫిలడెల్ఫియా జట్టు మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్లు రాబిన్‌సన్‌ను జాతి పేరుతో దారుణంగా దూషించారు. రాబిన్‌సన్ నోరు విప్పలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హిట్ కొట్టి, రెండో బేస్ దొంగిలించి, ఆటలోని ఏకైక పరుగు చేశాడు. డాడ్జర్స్ 1–0తో గెలిచారు. అంతకంటె ముఖ్యమైన ఫలితం మరొకటి ఉంది. తిరిగి మాట్లాడలేని మనిషిని తిట్టడం చూసి తోటి ఆటగాడు ఎడ్డీ స్టాంకీ వంటివారు అతని పక్షాన నిలిచారు. జట్టును చీల్చవలసిన దూషణ జట్టును దగ్గరచేసింది.

మే నెలలో సెయింట్ లూయిస్ ఆటగాళ్లు సమ్మె చేయబోతున్నారన్న వార్త ఒక న్యూయార్క్ పత్రికలో వచ్చింది. సమ్మె చేసినవారిని సస్పెండ్ చేస్తామన్న నేషనల్ లీగ్ అధ్యక్షుడు ఫోర్డ్ ఫ్రిక్ హెచ్చరిక కూడా దానితోపాటు వెలువడింది. సమ్మె ఆలోచన ఎంతవరకు ముదిరిందన్న దానిపై చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నాయి. కాని అధికారం ఏ వైపు నిలిచిందో ఆ హెచ్చరికతో అందరికీ తెలిసిపోయింది.

9.6 అంకెలు చెప్పేది

రాబిన్‌సన్ 590 సార్లు బ్యాటింగ్ చేసి 175 హిట్లు సాధించాడు. 175ను 590తో భాగిస్తే 0.297. ఇది అతని బ్యాటింగ్ సగటు. 151 ఆటలలో 125 పరుగులు చేశాడు. 29 బేస్‌లు దొంగిలించి లీగులో ప్రథముడయ్యాడు. ఆ ఏడాదే ప్రారంభించిన ‘రూకీ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం అతనికి దక్కింది. ఇంతా చేసి అతని వేతనం 5,000 డాలర్లు. మేజర్ లీగులలో అదే కనిష్ఠం.

జట్టు విషయానికి వస్తే, 21 ఏళ్ల పిచ్చర్ రాల్ఫ్ బ్రాంకా 21 విజయాలు సాధించాడు. డాడ్జర్స్ 94 గెలిచి 60 ఓడారు. రెండో స్థానంలోని సెయింట్ లూయిస్ 89 గెలిచి 65 ఓడింది. గెలుపులలో తేడా 5, ఓటములలో తేడా 5. రెండింటినీ కలిపి సగం చేస్తే వచ్చే 5 ఆటలే అధిక్యం. సొంత మైదానంలో డాడ్జర్స్ ఆటలు చూడటానికి 18 లక్షలమందికి పైగా వచ్చారు. అప్పటికి అది నేషనల్ లీగ్ రికార్డు. నల్లజాతి ఆటగాడు ఉంటే ప్రేక్షకులు రారన్న వాదన టికెట్ల దగ్గరే ఓడిపోయింది.

9.7 వరల్డ్ సిరీస్

టెలివిజన్‌లో ప్రసారమైన మొదటి వరల్డ్ సిరీస్ ఇదే. ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్. నాలుగో ఆటలో యాంకీస్ పిచ్చర్ బిల్ బెవెన్స్ చివరి ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యేవరకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. అప్పుడు కుకీ లావజెటో కొట్టిన దెబ్బకు ఇద్దరు పరుగులు చేసి డాడ్జర్స్‌ను 3–2తో గెలిపించారు. ఆరో ఆటలో జో డిమాజియో కొట్టిన బంతిని ఆల్ జాన్‌ఫ్రీడో గోడ దగ్గర అందుకున్నాడు. కాని ఏడో ఆటలో యాంకీస్ 5–2తో గెలిచి, సిరీస్‌ను 4–3తో దక్కించుకున్నారు. డాడ్జర్స్ కోరిన కిరీటం 1955 వరకు రాలేదు.

9.8 ఫలితాలు, మూల్యం

1947 జులైలో లారీ డోబీ క్లీవ్‌లాండ్ తరఫున అమెరికన్ లీగులో ప్రవేశించాడు. ఆ ఏడాది ముగిసేసరికి మేజర్ లీగులలో ఆడిన నల్లజాతివారు మొత్తం ఐదుగురు. అందులో ఇద్దరిని సెయింట్ లూయిస్ బ్రౌన్స్ కొద్దివారాలకే పంపివేసింది. చివరి జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ తొలి నల్లజాతి ఆటగాణ్ణి ఆడించింది 1959లో. తలుపు తెరుచుకోవడం, అందరూ లోపలికి రావడం ఒకటి కాదు. ఈ రెండింటి మధ్య 12 ఏళ్లు గడిచాయి.

మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. రాబిన్‌సన్‌ను తీసుకున్నందుకు మోనార్క్స్ జట్టుకు రిక్కీ పరిహారం ఇవ్వలేదు. నువార్క్ ఈగిల్స్ జట్టును నడిపిన ఎఫా మాన్లీ ఈ పద్ధతిని బహిరంగంగా విమర్శించింది. డోబీ విషయంలో క్లీవ్‌లాండ్ యజమాని ఆమె జట్టుకు డబ్బు చెల్లించాడు. ప్రేక్షకులు మేజర్ లీగుల వైపు మళ్లడంతో నీగ్రో నేషనల్ లీగ్ 1948 సీజన్‌తో మూతపడింది. ఆటగాళ్లలో కొందరు పైకి వెళ్లారు. యజమానులు, మేనేజర్లు, వయసు మీరిన ఆటగాళ్లు ఎక్కువమంది మిగిలిపోయారు. సమైక్యత సమాన షరతులపై జరిగిందా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

గమనిక: ప్రేక్షకులు దూషిస్తున్నప్పుడు కెంటకీకి చెందిన తోటి ఆటగాడు పీ వీ రీస్ వచ్చి రాబిన్‌సన్ భుజంపై చేయి వేశాడన్న ఉదంతం ప్రసిద్ధం. దీనికి బ్రూక్లిన్‌లో విగ్రహం కూడా ఉంది. అయితే అది 1947లో సిన్సినాటీలో జరిగిందని కొందరు, 1948లో బోస్టన్‌లో అని కొందరు చెబుతారు. వారి స్నేహం నిజం. ఆ దృశ్యం ఏనాటిదన్నది వివాదం. చరిత్ర విద్యార్థి ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి.

9.9 సారాంశం

అలిఖిత నిషేధాన్ని 1947 సీజన్ ఛేదించింది. దానికి ఒక యువకుని నిగ్రహం, ఒక నిర్వాహకుని లెక్క, పత్రికల పట్టుదల, చట్టం ఒత్తిడి, అధికారుల స్పష్టత కలిసివచ్చాయి. ఆ నిగ్రహానికి అయిన ఖర్చు మాత్రం పరుగుల పట్టికలో కనిపించదు. 1997లో రాబిన్‌సన్ ధరించిన 42వ సంఖ్యను మేజర్ లీగుల జట్లన్నీ అతని గౌరవార్థం పక్కన పెట్టాయి. వాకర్ ఆడిన 1884కూ, రాబిన్‌సన్ ఆడిన 1947కూ మధ్య గడిచిన 63 ఏళ్లలో అవకాశం రాకుండానే ఆట ముగించినవారికి మాత్రం ఏ సంఖ్యా లేదు.

9.10 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. అలిఖిత నియమాన్ని ఎదిరించడం రాసిన చట్టాన్ని ఎదిరించడం కంటె ఎందుకు కష్టం? (10 పంక్తులలో)
2. రిక్కీ నిర్ణయానికి తోడ్పడిన కారణాలను పేర్కొని, వాటిలో మీకు ప్రధానమనిపించినదానిని సమర్థించండి. (30 పంక్తులలో)
3. 1947 సీజన్ వల్ల నీగ్రో లీగులకు కలిగిన నష్టాన్ని చర్చించండి. (30 పంక్తులలో)