వస్త్ర దుకాణాల్లో ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు: సరుకు లెక్క, కొనుగోలుదారుని గోప్యత

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• బార్‌కోడ్‌కు, ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుకు గల తేడాను వివరించగలుగుతారు.
• ట్యాగు పనిచేసే విధానాన్ని, దుకాణంలో దాని ఉపయోగాలను తెలుపగలుగుతారు.
• గోప్యత సమస్యను, దాని పరిష్కారాలను చర్చించగలుగుతారు.

1. పరిచయం
మీరు ఒక బట్టల దుకాణంలో 40 సైజు నీలం చొక్కా అడిగారనుకుందాం. కంప్యూటర్ మూడు ఉన్నాయని చూపుతుంది. అరలో మాత్రం ఒక్కటీ లేదు. ఒకటి ట్రయల్ రూములో కొక్కేనికి వేలాడుతోంది. ఒకటి వేరే సైజుల్లో కలిసిపోయింది. మూడోది ఎప్పుడో దొంగతనానికి గురైంది. సరుకు ఉండి కూడా అమ్మకం పోయింది. రంగులు, సైజులు ఎక్కువగా ఉండే వస్త్ర వ్యాపారంలో ఈ సమస్య తరచుగా ఎదురవుతుంది.

2. బార్‌కోడ్‌తో పోలిక
సాధారణ బార్‌కోడ్ వస్తువు రకాన్ని మాత్రమే తెలుపుతుంది. ఒకే రకం, ఒకే రంగు, ఒకే సైజు చొక్కాలన్నిటికీ ఒకే సంఖ్య ఉంటుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులో దీనికి తోడు క్రమసంఖ్య కూడా ఉంటుంది. వాడుకలో ఉన్న 96 బిట్ల విధానంలో క్రమసంఖ్యకు 38 బిట్లు కేటాయించారు. అంటే ఒక్కో రకానికి సుమారు 27 వేల కోట్ల విడి సంఖ్యలు ఇవ్వవచ్చు. కాబట్టి ప్రతి చొక్కాకూ తనదైన గుర్తింపు లభిస్తుంది.

3. పనిచేసే విధానం
ట్యాగులో ఒక చిన్న చిప్, ఒక పలుచని యాంటెన్నా ఉంటాయి. బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే చిప్ శక్తిని గ్రహించి, తన సంఖ్యను తిరిగి తెలుపుతుంది. టోల్ గేటు వద్ద మీరు చూసే ఫాస్టాగ్ కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. ట్యాగు కంటికి కనిపించనవసరం లేదు. మడతపెట్టిన బట్టల దొంతర ముందు రీడర్‌ను కదిపితే అనేక ట్యాగులు కొద్ది క్షణాల్లో నమోదవుతాయి.

అయితే లోహం ఈ తరంగాలకు అడ్డు వస్తుంది. లోహపు జరీ ఎక్కువగా ఉన్న చీర మడతల మధ్య ట్యాగు ఉంచితే సంకేతం బలహీనపడవచ్చు. అటువంటప్పుడు ట్యాగును బట్టకు కొంత ఎడంగా, దారంతో వేలాడదీయడం మంచిది.

4. ఉపయోగాలు
సరుకును తరచుగా, తక్కువ శ్రమతో లెక్కించవచ్చు. అరలో ఖాళీ అయిన సైజును గోదాము నుంచి వెంటనే తెప్పించవచ్చు. యునిక్లో దుకాణాల్లో కొనుగోలుదారులు బట్టలను ఒక తొట్టిలో ఉంచితే, వాటన్నిటి బిల్లు ఒకేసారి తయారవుతుంది. అయితే ట్యాగు సరుకు ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. దానిని సరైన అరకు చేర్చవలసింది సిబ్బందే.

5. గోప్యత
ప్రతి చొక్కాకూ విడి సంఖ్య ఉండటమే ఈ విధానానికి బలం. ఆందోళనకు కారణమూ అదే. బిల్లు చెల్లించాక కూడా ట్యాగు పనిచేస్తూనే ఉంటే, మరొక చోట ఉన్న రీడర్ దానిని చదవగలదు. ఆ సంఖ్య మీ పేరుతో ముడిపడితే, మీ రాకపోకలు మీకు తెలియకుండానే నమోదయ్యే వీలుంది.

2003లో ఇటలీకి చెందిన బెనెటన్ దుస్తుల్లో ఇటువంటి చిప్‌లు అమర్చనున్నారన్న ప్రకటన వెలువడగానే, ఆ దుస్తులను బహిష్కరించాలని అమెరికాలో వినియోగదారుల బృందం ఒకటి పిలుపునిచ్చింది. తాము ఇంకా పరిశీలన దశలోనే ఉన్నామని సంస్థ వివరణ ఇవ్వవలసి వచ్చింది. 2014లో తన విధానాన్ని ప్రకటించిన జారా మాతృసంస్థ ఇండిటెక్స్, చిప్‌ను దొంగతన నివారణ బిళ్ళలో అమర్చింది. అప్పట్లో బిల్లు చెల్లించేటప్పుడు ఆ బిళ్ళను తీసి తిరిగి వాడుకునేవారు. దీనివల్ల ఖర్చు తగ్గేది, చిప్ కూడా కొనుగోలుదారుని వెంట వెళ్ళేది కాదు. ఇవికాక, ట్యాగును శాశ్వతంగా పనిచేయకుండా చేసే ఆదేశం కూడా ఈ సాంకేతిక ప్రమాణంలో ఉంది.

6. సారాంశం
ఆర్‌ఎఫ్‌ఐడీ ప్రతి వస్త్రానికీ విడి గుర్తింపునిచ్చి సరుకు లెక్కను సరిచేస్తుంది. ఆ గుర్తింపు దుకాణం గడప దాటకుండా చూడటం వ్యాపారి బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బ్యాటరీ లేని ట్యాగుకు శక్తి ఎక్కడి నుంచి లభిస్తుంది?
2. మీ ఊరి బట్టల దుకాణంలో ఈ విధానం ప్రవేశపెడితే, బిల్లు వద్ద ట్యాగును ఏం చేయాలని మీరు సూచిస్తారు? కారణాలు రాయండి.